దెబ్బ తప్పిన పాట

1976లో నేను ఒమాన్‌లో ఉన్నాను. రుస్తాఖ్ ఊరి బయట ఒక రోడ్ల కంపెనీ తన మనుషుల కోసం పెట్టుకున్న పన్నెండు పడకల ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. ఆసుపత్రి అంటే పెద్ద మాటే. నాలుగు పోర్టబుల్ క్యాబిన్లు పక్కపక్కన నిలబెట్టి, మధ్య గోడలు కోసేసి, పొడుగాటి వార్డు ఒకటి తయారుచేశారు. కిటికీకి ఒక ఎయిర్ కండిషనర్ బిగించారు. చల్లదనం సంగతి ఎలా ఉన్నా, దాని మోత మాత్రం ఘనంగా ఉండేది. పక్క పడకలో మనిషి మూలిగినా వినపడేది కాదు.

మాది తెనాలి. గుంటూరులో ట్రెయినింగు అయ్యాక రెండేళ్లు అక్కడే పనిచేసి, ఎవరో చెబితే దరఖాస్తు పెట్టి ఇక్కడ తేలాను. నాతోపాటు ఇంకో సిస్టర్ ఉండాలి. ఆవిడ సెలవు మీద కొట్టాయం వెళ్లి పెళ్లి చేసుకుని అక్కడే ఉండిపోయింది. కొత్త మనిషి వచ్చేదాకా రెండు డ్యూటీలూ నావే. ఆ వేసవి గురించి ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది ఎండ కాదు, నా కాళ్లు. సాయంత్రానికి చెప్పుల్లో పట్టేవి కావు. వార్డులో నర్సు కూర్చోకూడదని మాకు మొదటి రోజే నేర్పారు. కూర్చున్న నర్సుని చూస్తే మేట్రన్‌కి ఒంటి మీద తేలు పాకినట్టు ఉండేది. ఇక్కడ మేట్రన్ లేదు. అయినా కూర్చునే అలవాటు నాకు లేకపోయింది.

మా పని సంగతి ఒకటి ముందే చెప్పాలి. ప్రతి రోగి పడక దగ్గరా టీపీఆర్ చార్టు అని ఒకటి వేలాడుతుంది. టెంపరేచర్, పల్స్, రెస్పిరేషన్. జ్వరం థర్మామీటరు చెబుతుంది, నాడి మణికట్టు చెబుతుంది. మూడోది ఊపిరి. దానికి పనిముట్టు లేదు. నిమిషంపాటు రోగి ఛాతీ కేసి చూస్తూ లెక్కపెట్టాలి. ఏ దేశంలోనైనా సరే, ఏ వార్డులోనైనా సరే, ఆ గడిలో ఇరవై అని ఉంటుంది. కూడబలుక్కున్నట్టు అందరూ ఇరవయ్యే రాస్తారు. నిమిషంపాటు కదలకుండా నిలబడే తీరిక ఎవరికుంది?

పోశెట్టి ఆ వేసవిలోనే వచ్చాడు. నిజామాబాద్ వైపు మనిషి, ముప్పై అయిదేళ్లు ఉంటాయేమో, సన్నటి ఒళ్లు. వంతెన దగ్గర చెక్కల మీంచి కాలువలోకి పడ్డాడు. కుడి మోకాలి కింద ఎముక విరిగింది. పడేటప్పుడు చెక్క అంచు పక్కటెముకలకి కూడా తగిలిందట. డాక్టరు గారు ఆ రోజు ఛాతీ కూడా స్టెతస్కోపు పెట్టి చూశారు, బాగానే ఉంది. కాలు ఎక్స్‌రే తీసి, తొడ దాకా ప్లాస్టర్ వేసి, దిండు మీద పెట్టి పడుకోబెట్టాం. మా అందరికీ పోశెట్టి అంటే ఆ కాలే. నొప్పి చూడాలన్నా కాలే, వాపు చూడాలన్నా కాలి వేళ్లే.

ప్లాస్టర్ వేసిన మనిషికి కింద పరిచిన దుప్పటి మార్చడం ఇద్దరి పని. నేనూ, మురాద్ అనే ఆర్డర్లీ కలిసి చేసేవాళ్లం. మురాద్ బలూచీ, తలంతా నెరిసినవాడు, పర్వతంలాంటి మనిషి. ఒకరు కాలు ఎత్తాలి, ఒకరు నడుము ఎత్తాలి, రెండూ ఒక్కసారే జరగాలి. ఏమాత్రం తేడా వచ్చినా విరిగిన ఎముక కదిలి రోగికి ప్రాణం పోయినంత పనవుతుంది. మొదటి రోజు మేం ఒకటీ రెండూ మూడూ అని లెక్కపెట్టి ఎత్తాం. మురాద్ రెండుకే ఎత్తేశాడు. పోశెట్టి పళ్లు బిగించి ఊరుకుని, అటు తర్వాత అన్నాడు.

"సిస్టరమ్మా, గట్ల గాదు. నేను పాట పాడ్త. పాట ఇరిగిన కాడ ఎత్తుండ్రి. తప్పది."

వాళ్ల ఊళ్లో అతను దిమ్మిస మేస్త్రీ. మట్టి నేలనీ మిద్దెనీ గట్టిపరచడానికి నలుగురు పట్టుకుని ఎత్తి వేసే బరువైన పనిముట్టు దిమ్మిస. ఒకడు పాట అందుకుంటాడు. పాదం మొదటి సగంలో అందరూ ఎత్తుతారు, రెండో సగం చివరి మాటకి వేస్తారు. దెబ్బ పడ్డాక ఊపిరి తీసుకుంటారు. పాదం మధ్యలో ఊపిరి తీసుకుంటే చేతులు సడలి బరువు పక్కవాడి కాలి మీద పడుతుంది. ఇక్కడ కూడా మెషిను దిగని ఇరుకు చోట్ల అతని ముఠానే దిమ్మిస వేసేది.

అలా పోశెట్టి పాడాడు. చిన్న పాట, నాలుగే పాదాలు. అతనే కట్టుకున్నాడట.

ఎండకు నేను అడ్డం నిలవడితె – నీడ వడ్డది
నీడ జూసి ఒక్కడొచ్చి – కూలవడ్డడు
లెవ్వమంటె లెవ్వడాయె – పొద్దు గూకదాయె
నిలవడ్డోని కాళ్ల నొప్పి – నీడకెర్కనా

మొదటి పాదం విరిగిన చోట ఎత్తాం. రెండో పాదానికి పాత దుప్పటి లాగేశాం. మూడోదానికి కొత్తది పరిచాం. నాలుగోది పూర్తయ్యేసరికి పోశెట్టి మళ్లీ దిండు మీద ఉన్నాడు. మురాద్‌కి తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా 'నిలవడితె' అనగానే అతని చేతులు లేచేవి. అంత కష్టంలో ఉన్న వార్డులో సజావుగా సాగే పని అదొక్కటే అయింది.

వారానికి ఒకసారి కామేశ్వరి గారు వచ్చేవారు. కంపెనీలో ఇంజినీరు గారి భార్య. కాకినాడ మనిషి, తెలుగు ఎమ్మే. తెలుగువాళ్లు ఎవరైనా వార్డులో ఉన్నారని తెలిస్తే పెరుగన్నం కలుపుకుని, మాగాయ ముక్క వేసుకుని, ఎండలో గొడుగు పట్టుకుని వచ్చేసేవారు. మస్కట్‌లో ఉన్న పాతిక ముప్పై తెలుగు కుటుంబాలు చేత్తో రాసుకునే పత్రిక ఒకటి ఉండేది. దానికి సంపాదకురాలు ఆవిడే. ఆవిడ మొదటిసారి వచ్చినప్పుడు మేం పోశెట్టికి దుప్పటి మారుస్తున్నాం. పాట విని అక్కడే ఆగిపోయారు.

"రాజ్యం గారూ, ఇదెవరిదండీ? మళ్లీ ఒకసారి చెప్పమనండి" అన్నారు నాతో. పోశెట్టి సిగ్గుపడుతూ చెప్పాడు. ఆవిడ రాసుకున్నారు.

"నాలుగు పాదాలు. ఒక్కో పాదానికీ పెద్ద సగం, చిన్న సగం. మూడు పాదాల్లో సంగతి చెప్పి, నాలుగోదాంట్లో ప్రశ్న వేసి ఊరుకున్నాడు. జవాబు లేదు చూశారా? చిన్న కవితలో రూపమే సగం అర్థమండీ."

నాకు వినే ఓపిక లేదు. ఇంకా ఏడుగురికి మందులివ్వాలి. "అవునండీ" అని కదిలాను.

రెండో వారానికి పోశెట్టి తీరు మారింది. అన్నం కెలికి వదిలేసేవాడు. మాట తగ్గిపోయింది. వెల్లకిలా పడుకోమంటే పడుకోడు. ఇంకో దిండు కావాలనేవాడు, ఆ తర్వాత ఇంకోటి. గోడకి ఆనుకుని కూర్చునే కునుకు తీసేవాడు. ముఖం పాలిపోయింది. జ్వరం లేదు. నాడి కాస్త జోరుగా ఉంది, నొప్పికి అలా ఉండటం మామూలే. కాలి వేళ్లు వెచ్చగా, కదులుతూ, బాగానే ఉన్నాయి. ఏమైందంటే "ఏం లేదు సిస్టరమ్మా, పాణం మంచిగలేదు" అనేవాడు. ఆ మాట వార్డులో అందరూ అనేదే.

దుప్పటి మార్చడమూ చెడింది. పాట నడక మారింది. 'ఎండకు నేను' అని ఆగేవాడు. మురాద్ చేతులు సగం లేచి మళ్లీ దిగేవి. 'అడ్డం' అనేవాడు, ఆగేవాడు. ఎక్కడ ఎత్తాలో మాకు తెలిసేది కాదు. ఒకసారి నేను ఎత్తాను, మురాద్ ఎత్తలేదు. పోశెట్టి కేక పెట్టాడు. నాకు ఒళ్లు మండింది. "సరిగ్గా పాడితే పాడు, లేకపోతే మానెయ్" అన్నాను. మానేస్తానని అనలేదు, పాడుతూనే ఉన్నాడు. కాకపోతే అంతకంతకీ మెల్లగా.

కామేశ్వరి గారు మాత్రం పరవశించిపోయారు. "గమనించారా? పోయినసారి పాదాన్ని రెండుగా విరిచాడు. ఇవాళ మూడుగా విరుస్తున్నాడు. ఒక్కో మాట దగ్గరా ఆగి, దాన్ని వదల్లేక వదిలి, ముందుకెళుతున్నాడు. 'నీడ' దగ్గర ఆగాడు చూడండీ, ఆ నిశ్శబ్దంలో వీళ్లావిడా పిల్లలూ అందరూ ఉన్నారు. తను ఎండలో నిలబడితే వాళ్లంతా ఆ నీడలో కూర్చున్నారు. కాళ్ల నొప్పి వాళ్లకి తెలియదు. ఎంత దిగులండీ!" ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. దొంగ కన్నీళ్లు కావవి. ఆ వారమే పాటని చిన్న చిన్న పంక్తులుగా, పోశెట్టి ఆగిన చోటల్లా విరిచి, కాగితం మీద అందంగా రాసుకొచ్చారు. కింద వ్యాసం కూడా మొదలుపెట్టారు. ఒక శ్రామికుడి చిరుకవితలో రూపమూ, భావమూ అని.

మా డాక్టరు గారిది లక్నో వైపు. మంచి చేయి ఉన్న సర్జన్, మర్యాదస్తుడు. కవిత్వమంటే ఆయనకీ పిచ్చే. రౌండ్స్‌లో పోశెట్టి ఎందుకు తినడంలేదని అడిగినప్పుడు కామేశ్వరి గారు అక్కడే ఉన్నారు. ఆవిడ పాట సంగతి చెప్పారు. ఆయన నన్ను హిందీలో అర్థం చెప్పమన్నారు. వచ్చీరాని హిందీలో నాలుగు పాదాలూ చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని విని, "వాహ్! క్యా దర్ద్ హై" అన్నారు, ఎంత బాధ ఉందో అని. తర్వాత పెన్ను తీసి కేసు షీటులో 'హోమ్‌సిక్' అని రాశారు. ఇంటి బెంగ. ఆ రోజుల్లో క్యాంపుల్లో అది నిజంగా ఉన్న జబ్బే. తిండి మానేసి, నిద్ర మానేసి, గోడకేసి చూస్తూ కూర్చున్నవాళ్లని నేను బోలెడుమందిని చూశాను. దానికి మందు ఒకటే, ఇంటికి పంపడం. కాలు విరిగినవాడు ఎలాగూ రెండు నెలలు పనికి రాడు. కంపెనీ ఒప్పుకుంది. శనివారం సీబ్ విమానాశ్రయం నుంచి బొంబాయి విమానంలో సీటు పెట్టించారు.

ఆ సంగతి నేను చెప్పగానే పోశెట్టి ముఖం చూడలేకపోయాను.

"నాకేం బెంగ లేదు సిస్టరమ్మా. ఏ దేవుని మీదనన్న ఒట్టు పెట్టుమంటె పెడ్త. కాలు ఇరిగి వాపసొచ్చిండంటె ఊర్లె అయ్యో అంటరు. బెంగ పెట్టుకోని వచ్చిండంటె ఏమంటరు? నా ముఠాల ఇంక ఎవ్వడన్న నా పాటకు చెయ్యి ఏస్తడా?"

"డాక్టరు గారు రాశారు పోశెట్టీ. నేనేం చేయను?"

"మీరు చెప్పుండ్రి. నాకు బెంగ లేదని మీరు చెప్పుండ్రి."

చెబుతానన్నాను. ఏమని చెబుతాను? తినడు, నిద్రపోడు, మాట్లాడడు. చార్టులో జ్వరం లేదు, ఊపిరి ఇరవై. నాకూ అది బెంగే అనిపించింది. నిజం చెప్పాలంటే అతను వెళితే ఒక పడక ఖాళీ అవుతుంది, ఇద్దరం పట్టి ఎత్తే పని ఒకటి తగ్గుతుంది అన్న ఆలోచన కూడా వచ్చింది. అలిసిపోయిన మనిషికి వచ్చే ఆలోచనలు అలాగే ఉంటాయి.

గురువారం మధ్యాహ్నం కామేశ్వరి గారు వ్యాసం చివరి పేజీతో వచ్చారు. పోశెట్టి వెళ్లిపోయే లోపల అతనికి చదివి వినిపించాలని ఆవిడ కోరిక. స్టూలు లాక్కుని కూర్చుని, చక్కగా, అతనికి అర్థమయ్యేలా చెప్పారు. పాటలో దుఃఖం ఎలా కమ్ముకుందో, పాదం ఎక్కడెక్కడ తడబడిందో, ఆ తడబాటే పాటకి ప్రాణం ఎలా అయిందో. నేను పక్క పడకతనికి సూది మందు ఇస్తూ వింటున్నాను.

పోశెట్టి అంతా విని, మెల్లగా తల అడ్డంగా ఊపాడు.

"తప్పు అనుకోకుండ్రి... అమ్మా. గది ఏడ్సే పాట... గాదు. నవ్వే పాట."

"నవ్వే పాటా?"

"దిమ్మిస ఏసేటప్పుడు... ఎవడన్న ఒకడు పని ఎగ్గొట్టి... పక్కకు కూసుంటడు. ఎండకు జాగ ఉండది. మా నీడల్నే... కూసుంటడు. వాన్ని జూసి పాడ్తం. ఆఖరి మాటకు... అందరు నవ్వాలె. నవ్వుతె... దెబ్బ గట్టిగ పడ్తది."

కామేశ్వరి గారు చదువుకున్న మనిషే కానీ మొండి మనిషి కాదు. కాగితాలు ఒళ్లో పెట్టేశారు. "మరి నువ్వు పాడితే నాకు ఒక్కసారి కూడా నవ్వు రాలేదేం నాయనా? నవ్వు ఎక్కడుందో చూపించు. దెబ్బ ఎక్కడ పడాలో చేత్తో కొట్టి చూపించు, నేను పాదం చూసుకుంటాను."

పోశెట్టి కుడి చేయి మంచం ఇనప కడ్డీ మీద వేశాడు. పాట ఎత్తుకుని, గంట కొట్టినట్టు టంగుమని కొట్టాడు. చేయి నడక ఒకే తీరుగా ఉంది. ఎత్తు, దెబ్బ. ఎత్తు, దెబ్బ. ఒక్క వెంట్రుకవాసి తేడా లేదు. కానీ గొంతు వెనకబడింది. చేయి దెబ్బ వేసేసరికి నోరు ఇంకా 'అడ్డం' దగ్గరే ఉంది. చేయి రెండో పాదంలోకి వెళ్లింది. నోరు మొదటి పాదం పూర్తిచేయడానికి ఆగి, తెరుచుకుని, గాలి కోసం చూసింది. మూడో దెబ్బకి పాట పూర్తిగా తెగిపోయింది. చేయి మాత్రం కొడుతూనే ఉంది.

కామేశ్వరి గారు నా కేసి చూశారు. "ఇతనికి లయ బ్రహ్మాండంగా ఉందండీ. చేతిలో ఉన్న లయ నోటికి రావడంలేదేం?"

నా చేతిలో సిరంజి అలాగే ఉంది. ఆవిడ అడిగిన ప్రశ్నకి నా వృత్తిలో జవాబుంది. ఇరవయ్యేళ్లు దిమ్మిస వేసినవాడు దుఃఖం వచ్చిందని పాదం మధ్యలో ఆగడు. ఊపిరి చాలక ఆగుతాడు.

సిరంజి ట్రేలో పడేసి వచ్చి అతని మీద దుప్పటి తీసేశాను. వాచీ చూస్తూ నిమిషం లెక్కపెట్టాను. ముప్పై ఆరు. ఛాతీ కుడి పక్క మాత్రమే లేచి దిగుతోంది. ఎడమ పక్క గోడలా కదలకుండా ఉంది. ఎయిర్ కండిషనర్ మోతలో ఎవరికీ వినపడని ఆయాసం, కళ్లతో చూస్తే అంత స్పష్టంగా ఉంది. ఒక్కసారిగా నాకు ఆ రెండో దిండూ, మూడో దిండూ గుర్తొచ్చాయి. వెల్లకిలా పడుకుంటే మునిగిపోతున్నట్టు ఉంటుంది ఇలాంటివాళ్లకి. అందుకే కూర్చుని నిద్రపోయాడు. ఎల్లుండి ఇతన్ని విమానం ఎక్కించబోతున్నాం, గాలి పల్చబడే ఎత్తుకి.

డాక్టరు గారు భోజనం చేసి గదిలో నడుం వాల్చారు. తలుపు కొట్టి లేపాను. "చెస్ట్ చూడండి సర్, ఎడమ పక్క కదలడంలేదు" అన్నాను. ఆయన చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా వచ్చారు.

డాక్టర్లు పెర్కషన్ అని ఒక పరీక్ష చేస్తారు. ఛాతీ మీద ఒక వేలు ఆనించి, రెండో చేతి వేలితో దాని మీద కొట్టి, చప్పుడు వింటారు. కుండ ఖాళీదో నిండుదో మనం తట్టి చూసుకున్నట్టే. కుడి పక్క తట్టారు, బోలుగా మోగింది. ఎడమ పక్క తట్టారు. నిండు కుండ. స్టెతస్కోపు పెట్టి విని, తీసి, మెడలో వేసుకున్నారు.

"ఎయిర్ కండిషనర్ ఆపు" అన్నారు మురాద్‌తో. ఆ నిశ్శబ్దంలో పోశెట్టి ఊపిరి వార్డంతా వినపడింది.

పడ్డ రోజు చెక్క అంచు తగిలిన చోట పక్కటెముక బీటలు వారింది. ఆ రోజుకి ఏమీ తెలియలేదు. తర్వాత లోపల కొద్దికొద్దిగా రక్తం ఊరి, ఎముకల గూటికీ ఊపిరితిత్తికీ మధ్య చేరింది. దాన్ని హీమోథొరాక్స్ అంటారు. అది పెరిగే కొద్దీ ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది. మెల్లగా పెరిగింది కాబట్టి మనిషి ఒక్కసారిగా పడిపోలేదు. ఒక్కో మాట చొప్పున పాట పోగొట్టుకుంటూ వచ్చాడు.

డాక్టరు గారు అక్కడే, ఆ మంచం మీదే, పక్కటెముకల మధ్య మత్తు ఇచ్చి గొట్టం దించారు. గొట్టం రెండో కొస కింద సీసాలో, నీళ్లలో మునిగి ఉంటుంది. లోపలిది బయటికి వస్తుంది, బయటి గాలి లోపలికి పోకుండా నీళ్లు అడ్డుపడతాయి. అండర్‌వాటర్ సీల్ అంటాం. సీసా నల్లటి ఎరుపుతో నిండింది. మార్చాం. రెండోదీ సగం దాకా వచ్చింది. కామేశ్వరి గారు వెళ్లిపోమన్నా వెళ్లలేదు. పోశెట్టి తల తన భుజానికి ఆనించుకుని కూర్చున్నారు. ఆవిడ చీర పాడైపోయింది. చూసుకోలేదు.

సాయంత్రానికి అతని పెదాలకి రంగు వచ్చింది. డాక్టరు గారు కేసు షీటులో తను రాసిన మాట మీద అడ్డంగా గీత కొట్టారు. "ఇస్కో హమ్ జహాజ్ మే బిఠానే వాలే థే, సిస్టర్" అన్నారు. ఇతన్ని మనం విమానం ఎక్కించబోయాం అని. ఆ రాత్రి ఆయన భోజనానికి వెళ్లలేదని మురాద్ చెప్పాడు.

గొట్టం తీసేశాక, కొన్నాళ్లకి, ఒక శుక్రవారం పోశెట్టి ముఠా చూడటానికి వచ్చింది. ఏడెనిమిది మంది మంచం చుట్టూ నిలబడ్డారు. కామేశ్వరి గారూ ఉన్నారు. అప్పుడే దుప్పటి మార్చే వేళ అయింది. "ఇప్పుడు జూడుండ్రి" అన్నాడు పోశెట్టి. పాడాడు.

అదే పాట. ఒక్కో పాదం ఒక్క ఊపిరిలో, ఎగరేసి కొట్టినట్టు వచ్చింది. 'నిలవడితె' దగ్గర మురాద్ చేతులూ నా చేతులూ ఒక్కటిగా లేచాయి. దెబ్బ పడే చోట ముఠా అంతా 'హుఁ' అంది. మూడో పాదానికి అందరూ ఓ మూల నిలబడ్డ ఒక కుర్ర కూలీ కేసి తిరిగారు, పని ఎగ్గొట్టేవాడు వాడేనన్నమాట. 'నీడకెర్కనా' అనేసరికి క్యాబిను అదిరిపోయేలా నవ్వారు. ఆ కుర్రాడు కూడా నవ్వాడు. తెలుగు రాని మురాద్ నవ్వాడు. తలుపు దగ్గర నిలబడ్డ డాక్టరు గారూ నవ్వారు. కామేశ్వరి గారు కళ్లు తుడుచుకుంటూ నవ్వారు.

"నా వ్యాసం మొత్తం మళ్లీ మొదట్నించీ రాయాలి" అన్నారు నాతో. "అక్షరం మారలేదు చూడండి. నడక మారేసరికి భావం తలకిందులైపోయింది. దిగులు పాటలో లేదండీ, అతని ఊపిరిలో ఉంది."

అందరూ వెళ్లిపోయారు. నేను పాత దుప్పటి మడుస్తున్నాను. పోశెట్టి పైకప్పు చూస్తూ ఉన్నాడు.

"ఊపిరాడనప్పుడు పాడితె ఇంటికి తోలిస్తమన్నరు. ఊపిరొచ్చినంక పాడితె నవ్వుకుంట పోయిన్రు. పాటైతె అదే గద, సిస్టరమ్మా."

"నవ్వే పాట అని నువ్వే అన్నావుగా?"

"నవ్వేదే. నవ్వాలె. గని ఆఖర్ల అడిగిన మాట అడిగినట్టే ఉండిపాయె. ఎన్నడు ఎవ్వడు జవాబు చెప్పడు." నా చెప్పుల కేసి చూశాడు. "మీ కాళ్లు నొస్తలేవా? నేనొచ్చిన్నాటి సంది జూస్తున్న. ఒక్కనాడు కూసున్నది లేదు."

తెనాలి వదిలినప్పటి నుంచి నన్ను ఎవరూ ఆ మాట అడగలేదు. "నొస్తున్నాయి పోశెట్టీ" అన్నాను. "చాలా నొస్తున్నాయి."

"మరి కూసోండ్రి."

కామేశ్వరి గారు కూర్చున్న స్టూలు అక్కడే ఉంది. కూర్చున్నాను. డ్యూటీలో, వార్డులో, రోగి పక్కన కూర్చోవడం అదే మొదటిసారి. కూర్చోగానే నాకు తెలిసిన సంగతి ఏమిటంటే, నిలబడినప్పుడు రోగి ముఖం కనిపిస్తుంది, కాలు కనిపిస్తుంది, చార్టు కనిపిస్తుంది. అతని ఛాతీ కళ్లకి ఎదురుగా రావాలంటే మాత్రం కూర్చోవాలి. పోశెట్టి ఛాతీ రెండు పక్కలా సమంగా లేస్తోంది. నిమిషం లెక్కపెట్టాను. పద్దెనిమిది. ఆ గడిలో అంతవరకూ ఆ అంకె నేను రాసి ఎరగను.

ఆ తర్వాత ఇరవై ఆరేళ్లు పనిచేశాను, ఒమాన్‌లోనూ, తిరిగొచ్చాక మన దేశంలోనూ. ఒక మనిషి దిగులుగా ఉన్నాడని పదిమందీ అంటే నేను ముందు స్టూలు లాక్కుంటాను. నా కింద పనిచేసిన పిల్లలకీ అదే చెప్పాను. మనసు సంగతి తర్వాత చూద్దాం, ముందు కూర్చుని ఊపిరి లెక్కపెట్టండి అని. నా ఉద్యోగంలో ఇద్దరు ముగ్గురు మేట్రన్లు నన్ను పట్టుకున్నారు. "సిస్టర్, వార్డులో కూర్చున్నారేం?" అని గద్దించేవారు. ఊపిరి లెక్కపెడుతున్నానని చెప్పేదాన్ని. అది నిజమే. కాళ్లు నొస్తున్నాయన్నదీ నిజమే, కానీ అది వాళ్లెవరూ అడగలేదు.